ఫాన్ బెల్టు – దాని మన్నికకు పరీక్షలు

ట్రాక్టరు ఇంజను ముందువైపు చూస్తే రెండు మూడు కప్పీలను చుట్టి తిరిగే నల్లని రబ్బరు బెల్టు కనిపిస్తుంది. దీనినే ఫాన్ బెల్టు అంటారు. ఇంజను ఖరీదుతో పోలిస్తే దీని వెల అతి స్వల్పం. కాని ఇది తెగితే ఫాను, నీటి పంపు ఆగిపోతాయి. నీరు మరిగి, ఇంజను తలభాగం వంకరపోయే ప్రమాదం ఉన్నది. కనుకనే ఇంజన్లు తయారుచేసేవారు బెల్టు ఎంతకాలం మన్నుతుందో ముందుగా రుజువు చూపమంటారు.

తొలినాటి మోటారు కార్లలో బల్లపరుపు తోలు బెల్టులు వాడేవారు. అవి తరచు జారేవి. 1917లో అమెరికాలోని డెన్వరు నగరంలో జాన్ గేట్స్ రబ్బరుతో 'వి' ఆకారపు బెల్టును రూపొందించాడు. ఇది కప్పీ గాడిలో మేకులా బిగుసుకుంటుంది. గాడి కోణం 40 డిగ్రీలైతే గోడల పట్టు సుమారు 3 రెట్లవుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకొని, బెల్టు కప్పీని సగం చుట్టినదనుకుందాం. అప్పుడు బల్లపరుపు బెల్టు జారకుండా ఉండాలంటే బిగువు వైపు లాగుడు వదులు వైపు లాగుడుకు 2.6 రెట్లకు మించరాదు. 'వి' బెల్టులో ఇది దాదాపు 16 రెట్లు!

ఇక బెల్టు పడే శ్రమ చూడండి. ఇంజను కప్పీ వ్యాసం 12 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 3000 చుట్లు, బెల్టు పొడవు 1 మీటరు అనుకుందాం. బెల్టు సెకనుకు సుమారు 19 సార్లు చుట్టివస్తుంది. మూడు కప్పీలున్నచో దాని ప్రతి భాగమూ గంటకు 2 లక్షలసార్లకు పైగా వంగి లేస్తుంది. వంగినప్పుడల్లా పైభాగం సాగుతుంది, అడుగుభాగం నొక్కుకొంటుంది. సాగీ, నొక్కుకోనీ నడిమి పొరలోనే లాగుడును భరించే దారాలను అమరుస్తారు. పూర్వం ఇవి నూలు దారాలు. తరువాత రేయాను, పాలియెస్టరు, అరామిడు దారాలు వచ్చినవి. పాలియెస్టరు వేడికి కొంత కుదించుకొంటుంది గనుక బెల్టు బిగువు నిలుస్తుంది.

రబ్బరుకు ముగ్గురు శత్రువులు: వేడి, నూనె, గాలిలోని ఓజోను. సహజ రబ్బరు వీటికి త్వరగా లొంగుతుంది. అందుచేత నియోప్రీను, అటు తరువాత ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బర్లు వాడుకలోకి వచ్చినవి. నియోప్రీను బెల్టు పాతబడితే పగుళ్లు కనిపిస్తాయి. ఇ.పి.డి.ఎం. బెల్టు పగలకుండానే అరిగిపోవచ్చు. దాని అరుగుదలను కొలిచి చూడవలసిందే.

ప్రయోగశాలలో ముందుగా బెల్టును లాగి తెంపి దారాల బలం కొలుస్తారు. సాగదీసిన రబ్బరు ముక్కలను ఓజోను గదిలో ఉంచి పగుళ్లు చూస్తారు. అతి చలిలో గట్టిపడి విరుగుతుందేమో పరీక్షిస్తారు. అన్నిటికంటె ముఖ్యమైనది వేడి గదిలో, బరువు మోపి, కప్పీలపై రాత్రింబగళ్లు తిప్పే పరీక్ష. బెల్టు ఎంత జారినదీ, ఎంత సాగినదీ, ఎన్ని గంటలకు పగిలినదీ నమోదు చేస్తారు.

ఏళ్ల తరబడి జరిగే అరుగుదలను వారాలలో చూడటమెట్లా? ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రబ్బరు ఆయువు సుమారు సగమవుతుందని ఒక స్థూల సూత్రం. ఆ లెక్కన 30 డిగ్రీలు పెంచితే 8 వారాల క్షీణత ఒక్క వారంలో కనిపించాలి. కాని వేడి మితిమీరితే, రోడ్డు మీద ఎన్నడూ జరగని రీతిలో బెల్టు చెడిపోవచ్చు. అట్టి పరీక్ష మోసగిస్తుంది. అందుకే పరీక్షలో చెడిన బెల్టును వాడకంలో చెడిన బెల్టుతో పోల్చి చూస్తారు. ఒక్క బెల్టు ఫలితాన్నీ నమ్మరు. ఒకే అచ్చులో పోసినవి కూడ ఒకే గంటకు చెడవు గనుక అనేకం పరీక్షించి, అన్నిటికంటె ముందు చెడేవి ఎన్ని గంటలు నిలిచినవో గమనిస్తారు. దారిలో నిలిచిపోయేవాడికి సగటు ఆయువుతో పనిలేదు కదా!

విద్యార్థులు తేలికగా చేయగల ప్రయోగం ఒకటున్నది. ఒకే రకపు రబ్బరు బాండ్లు రెండు తీసుకొని, ఒకదానిని సాగదీసి రెండు మేకులకు తగిలించి ఆరుబయట నీడలో ఉంచండి. రెండవదానిని వదులుగా పక్కనే ఉంచండి. కొన్ని వారాల తరువాత భూతద్దంతో చూడండి. సాగిన బాండుపై లాగుడుకు అడ్డంగా సన్నని పగుళ్లు కనిపిస్తే, ఓజోను చేసిన పని మీ కళ్ల ఎదుటనే ఉన్నట్లు.