పోటీ రోబోటుకు ఎడ్లబండి పాఠము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో పుట్టి పెరిగిన పెద్దలలో ఎడ్లబండి ఎక్కనివారు అరుదు. ఆ బండి మలుపు తిరుగు తీరును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బండివాడు లోపలి ఎద్దును పగ్గము లాగి నిలుపును. వెలుపలి ఎద్దును అదలించును. లోపలి చక్రము ఇంచుమించు నిలిచియుండగా వెలుపలి చక్రము దొర్లును, బండి తిరుగును. ఇరుసు కదలదు, దానిపై రెండు చక్రములును వేటికవే తిరుగును. ఇంజనీరింగు విద్యార్థులు పోటీలకై నిర్మించు రోబోటులలో మిక్కిలి సులువైన చక్రపీఠమునకు మూలసూత్రము ఇదియే.

ఈ పోటీలకును ప్రసార సంస్థలకును దగ్గరి చుట్టరికము కలదు. 2002లో టోక్యోలో మొదటి ఏ.బి.యు. రోబోకాన్ పోటీని నడిపినది ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య. ఆ అంతర్జాతీయ పోటీ 2008లోను, 2014లోను పుణేలో జరిగినది. 2022లో న్యూఢిల్లీలో జరిగినది. రాజాములోను, విజయనగరములోను ఇంజనీరింగు కళాశాలలు వెలసిన పిదప ఈ విద్య మన పల్లెబిడ్డల ముంగిటికిని వచ్చినది.

చక్రపీఠమునకు కావలసినవి స్వల్పము: రెండు మోటార్లు, వానికి రెండు చక్రములు, ఎటుపడిన అటు తిరుగు చిన్న ఊతచక్రము ఒకటి. మోటార్లు రెండును సమవేగముతో నడచిన యంత్రము తిన్నగా సాగును. ఒకటి మందగించిన ఆ వైపునకు మలుపు తిరుగును. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు నడచిన ఉన్నచోటనే గిరగిర తిరుగును. నాలుగు రబ్బరు చక్రములు బిగించిన నిలుకడ హెచ్చును గాని, మలుపులో అవి ప్రక్కకు ఈడ్చుకొనిపోవలెను. మోటార్ల శక్తి ఆ రాపిడికే వ్యయమగును. ఒక కళాశాల ప్రాంగణములో మేమిది కన్నులార చూచితిమి. బరువైన ఇనుప చట్రము, నాలుగు చక్రములు, నెలల తరబడి శ్రమ. మొదటి మలుపులోనే ఫ్యూజు పోయినది. పిల్లల ముఖములు వాడిపోయినవి.

ఇక బరువు మాట. 20 కిలోల యంత్రము ప్రతి సెకనుకు సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగము పుంజుకొనవలెనన్న 40 న్యూటన్ల బలము కావలెను. చక్రపు వ్యాసము 10 సెంటీమీటర్లైనచో, చక్రము నొద్ద ఒక్కొక్క మోటారు 1 న్యూటన్-మీటరు టార్కును, అనగా తిప్పుబలమును, ఈయవలెను. అదే యంత్రము 12 కిలోలైనచో 0.6 చాలును. రాపిడి నష్టములు దీనికి అదనము. తిప్పుబలము తగ్గిన చిన్న మోటారు చాలును. చిన్న మోటారుకు చిన్న బ్యాటరీ చాలును. దానితో బరువు మరల తగ్గును, ఖర్చును తగ్గును.

బరువు తగ్గించుటయన్న బలము పోగొట్టుకొనుట కాదు. 25 మిల్లీమీటర్ల చదరపు అల్యూమినియము కడ్డీ మీటరుకు సుమారు 1.7 కిలోలు తూగును. అంతే కొలతగల, 2 మిల్లీమీటర్ల మందపు బోలుగొట్టము అర కిలోయే తూగును. అయినను వంగకుండ నిలుచు గట్టిదనము కడ్డీలో సగముండును. ఏలయన వంపును ఎదుర్కొను పని ముఖ్యముగా వెలుపలి అంచులదే. ఇట్టి గొట్టములను చతురస్రముగా కూర్చి, మూలలలో త్రికోణపు పలకలు బిగించిన చట్రము కుదురుగా నిలుచును.

బరువు ఎంతయన్నదే గాక ఎక్కడయన్నదియు ముఖ్యము. బండికి వెనుక బరువు హెచ్చిన కాడి పైకి లేచును. ముందు హెచ్చిన ఎద్దుల మెడలు క్రుంగును. కావున బ్యాటరీని నేలకు వీలైనంత దగ్గరగా, చక్రముల ఇరుసు చెంతనే, కొంచెము ఊతచక్రము వైపునకు ఉంచవలెను. ఎత్తున బరువుంచిన యంత్రము ఆగునపుడు తలక్రిందులు కావచ్చును.

అన్ని పోటీలకును తేలికదనము తగదు. ఎదుటి యంత్రమును నెట్టవలసిన చోట చక్రములు నేలను పట్టు బలము బరువుతోనే పెరుగును. కనుక నియమావళిని మొదట చదువవలెను; పిదప ప్రతి భాగమును తూచి పట్టిక వ్రాయవలెను; ఆ మీదటనే రంపము పట్టవలెను.

మీ ఇంటి బిడ్డ ఇంకను పెద్ద మోటారుకు డబ్బు కావలెనని అడిగినచో, కాదనకుడు, కోపపడకుడు. ఒక్క ప్రశ్న వేయుడు: "నీ యంత్రము బరువెంత?"