‘చీప్’ అంటే ఒకప్పుడు తిట్టు కాదు.. బజారు! ఇంగ్లీష్ మాటల వెనుక పాత సంత కథ

‘చీప్‌గా బిహేవ్ చేయకు’, ‘చీప్ ట్రిక్స్’, ‘చీప్ లిక్కర్’.. మన తెలుగులో ఈ మాట వినిపించిందంటే చాలావరకు అది తిట్టే. షాపులో ‘చీప్ అండ్ బెస్ట్’ అన్నా, ఆ పక్కన ‘బెస్ట్’ తగిలించకపోతే వస్తువు మీద నమ్మకం కుదరదు. కానీ వెయ్యేళ్ల క్రితం ఇంగ్లాండ్‌లో ఈ మాటకు ‘నాసిరకం’ అనే అర్థమే లేదు. అప్పటి పాత ఇంగ్లీష్‌లో దీన్ని దాదాపుగా ‘చేఅప్’ అని పలికేవాళ్లు. అర్థం: వ్యాపారం, కొనుగోలు, బజారు.

మనకు అర్థం కావాలంటే ‘బేరం’ అనే మాటను తీసుకోండి. ‘బేరమాడకుండా కొంటావా’ అంటే రేటు తగ్గించడం. ‘ఇవాళ బేరాల్లేవండి’ అని కొట్టువాళ్లు అంటే వ్యాపారమే లేదని. ‘మంచి బేరం’ అంటే లాభసాటి కొనుగోలు. ఒకే మాటలో ఇన్ని ఉన్నట్టే ఇంగ్లీష్‌ వాళ్ల ‘చేఅప్’లోనూ ఉండేవి.

దీనికి సాక్ష్యం లండన్ నడిబొడ్డులోనే ఉంది. సెయింట్ పాల్స్ కేథడ్రల్ దగ్గర ‘చీప్‌సైడ్’ అనే వీధి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఆ బోర్డు చూసి చవక వస్తువులు దొరికే వీధి అనుకుంటే అది వాళ్ల తప్పు కాదు. కానీ ఆ పేరుకు అసలు అర్థం బజారు వీధి. చుట్టుపక్కల సందుల పేర్లు చూడండి: బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్, హనీ లేన్, ఐరన్‌మాంగర్ లేన్. కోళ్లు అమ్మిన చోటు పేరైతే సింపుల్‌గా ‘పౌల్ట్రీ’! ఇంకో విషయం ఏంటంటే, చీప్‌సైడ్ బంగారు పనివాళ్ల షాపులకు ఫేమస్. 1912లో అక్కడ పాత భవనం పడగొడుతుంటే నేల కింద 400కు పైగా నగలు, రత్నాలు బయటపడ్డాయి. ‘చీప్’ వీధిలో నగల నిధి అన్నమాట.

ఇంగ్లాండ్‌లో చిప్పింగ్ నార్టన్, చిప్పింగ్ క్యామ్డెన్ లాంటి ఊళ్ల పేర్లలో ఉన్న ‘చిప్పింగ్’ కూడా ఇదే కుటుంబం. సంత జరిగే ఊరు అని. సముద్రం దాటితే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్.. అంటే వర్తకుల రేవు. జర్మన్‌లో కొనడానికి వాడే ‘కౌఫెన్’ కూడా వీటికి చుట్టమే. ‘హి ఈజ్ ఎ నైస్ చాప్’ అంటాం కదా, ఆ ‘చాప్’ కూడా బజారు నుంచే వచ్చాడు. ఊరూరా తిరిగి సరుకు అమ్మేవాడు ‘చాప్‌మన్’. అది కుదించుకుపోయి ముందు కొనుగోలుదారు అయ్యింది, తర్వాత మామూలు మనిషి అయ్యింది.

మరి తిట్టు ఎలా అయ్యింది? ‘గుడ్ చీప్’ అంటే మంచి బేరం అని ఒక వాడుక ఉండేది. మెల్లగా ‘గుడ్’ రాలిపోయింది. ‘చీప్’ ఒక్కటే మిగిలి 16వ శతాబ్దం నాటికి తక్కువ ధర అనే అర్థం తెచ్చుకుంది. తక్కువ ధర కాస్తా తక్కువ రకం కావడానికి ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు.

దారిలోనే సరుకు ఆపితే జైలు!

ఇంకో మాట కథ అయితే పేదోడి పొట్టకు సంబంధించింది. ‘ఫోర్‌స్టాల్’ అంటే ఇప్పుడు ముందే అడ్డుకోవడం. పాత ఇంగ్లీష్‌లో మాత్రం అది దారి కాచి దాడి చేయడం. మధ్యయుగాలకు వచ్చేసరికి అది బజారు నేరం పేరుగా మారింది. రైతు సరుకు సంతకు చేరకముందే దారిలో ఆపి కొనేసి, తర్వాత ఎక్కువ రేటుకు అమ్మడం. మార్కెట్ యార్డుకు పోయే దారిలోనే లోడ్ ఆపి రేటు మాట్లాడే దళారుల సంగతి మన రైతులకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

అప్పట్లో చాలా ఊళ్లలో గంట కొట్టాకే సంతలో అమ్మకాలు మొదలుకావాలి. ముందు ఇళ్లకు కొనుక్కునేవాళ్లు, ఆ తర్వాతే మారు బేరగాళ్లు. 1552లో అయితే ఇంగ్లాండ్ ఏకంగా చట్టమే చేసింది. మొదటిసారి దొరికితే 2 నెలల జైలు, సరుకు విలువంత జప్తు. రెండోసారి 6 నెలలు. మూడోసారి నడిబజారులో కొయ్యకు బిగించి నిలబెట్టడమే.

1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ఈ భయాన్ని చేతబడి భయంతో పోల్చాడు. వ్యాపారి వల్ల కరవు రాదని ఆయన వాదన. కానీ పంటలు దెబ్బతిని రొట్టె ధర మండిపోతున్నప్పుడు జనం ఆ లెక్క వింటారా? 1800లో జాన్ రస్బీ అనే ధాన్యం వ్యాపారి కొన్న ఓట్స్‌లో కొంత అదే రోజు అదే మార్కెట్లో ఎక్కువ రేటుకు అమ్మాడని కోర్టులో దోషిగా తేలాడు. జనం అతని ఇంటి మీద పడ్డారు. చివరికి 1844లో ఈ నేరాలను చట్టం నుంచే తీసేశారు. దాంతో ‘ఫోర్‌స్టాల్’ బజారు వదిలేసి మామూలు క్రియగా బతుకుతోంది.

దీనికి తోడుదొంగ ‘ఎన్‌గ్రాస్’. సరుకంతా గుత్తగా కొనేసి ధర పెంచడం. ఇప్పుడు ‘ఎన్‌గ్రాస్డ్’ అంటే పనిలో పూర్తిగా మునిగిపోవడం.. ఫోన్‌లో రీల్స్ చూస్తూ అమ్మ పిలిచినా పలకకపోవడం లాంటిది. సరుకు మొత్తాన్ని లాగేసుకున్నట్టే మనిషి ధ్యాసంతా లాగేసుకుందని. ఈ మాటకు మూలం ఫ్రెంచ్‌లో పెద్ద మొత్తం అనే అర్థం వచ్చే ‘గ్రో’. అదే మూలం నుంచి వచ్చిన ఇంకో మాట మీకు రోజూ తగిలేదే: ‘గ్రోసర్’. మొదట్లో అతను హోల్‌సేల్ వ్యాపారి. ఇప్పుడు వీధి చివర కిరాణా కొట్టాయన.