అత్త పేరున తెరిచిన పద్దు

ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) పెద్దలు 2023 వానాకాలంలో ఒక కొత్త నోటుబుక్కు తెరిచారు. మొదటి పేజీ మీద మా మేనత్త పేరు. కమిటీ తరఫున 5,000. దుబాయ్‌లో ఉన్న మా ఊరి పిల్లవాడొకడు ఫోన్లో పంపింది 3,000. మహిళా సంఘం 2,000. అత్తతో పాటు బీడీలు చుట్టే ఆడవాళ్లు తలా వంద. అత్తకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్.

ఆ పేజీ చూసి అత్త ఏడ్చింది. "ఇంతమందికి బాకీ వడ్డ. ఎట్ల తీర్సుడు బిడ్డా?"

"బాకీ కాదత్తా, చందా" అన్నాను. ఆమె వినలేదు.

వీడీసీల మీద నాకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మా నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతంలో కొన్ని కమిటీలు తీర్మానం చేసి మనుషుల్ని కులం పేరుతో వెలేసిన సంగతి అందరికీ తెలుసు. అయినా ఆ రోజు మమ్మల్ని బస్సెక్కించింది ఆ నోటుబుక్కే.

కామారెడ్డిలో బస్సు మారి హైదరాబాద్‌లో దిగాం. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955 నాటి సర్కారు దవాఖాన. అక్కడా మా ఊరి చందా లాంటిదే కనిపించింది. ఆ ఏడాదే తెరిచిన 300 పడకల కొత్త భవనాన్ని అరబిందో ఫార్మా ఫౌండేషన్ సుమారు 80 కోట్లతో కట్టించింది. డాక్టర్ల జీతాలు ప్రభుత్వానివి. అత్త వైద్యం ఆరోగ్యశ్రీ కింద జరిగింది. నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగానికి కెనడాలోని టూ వరల్డ్స్ క్యాన్సర్ కొలాబరేషన్ సంస్థ ఏళ్లుగా తోడు నిలిచింది. మధ్యాహ్నం నా అన్నం, సాంబారు 5 రూపాయలు. మిగతా ఖర్చు జీహెచ్ఎంసీది, వండి పంపేది హరేకృష్ణ మూవ్‌మెంట్. ఆ ఏర్పాటు 2014లో మొదలైంది.

ఒక్క మనిషి చికిత్సకు ఇన్ని చేతులు! ఐతే ఏ చేతికీ అందని చోటు ఒకటుంది. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు. మిషన్ కింద ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం మిగతా పగలూ రాత్రీ పట్నంలోనే పడి ఉండాలి. గది కిరాయి, ఆటో, పొద్దున చాయ్ ఎవరి పద్దులోనూ లేవు. మాకు ఊరి నోటుబుక్కు ఉంది కాబట్టి నిలబడ్డాం. మా పక్కగదిలో దిగిన ఆలుమగలు మూడో వారంలో మూట కట్టుకుని వెళ్లిపోయారు. ఆమెకు ఇంకా పది రోజుల రేడియేషన్ మిగిలే ఉంది. వైద్యం ఉచితమే, కిరాయికి డబ్బుల్లేవు. ఆమె మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

భవనం కట్టినవాళ్ల పేరు రాతి మీద చెక్కుతారు. ఆటో కిరాయి ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడ చెక్కాలి? దాతలు విడివిడిగా ఇచ్చినంత కాలం ఆ ఖాళీ అట్లాగే ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. నాలుగు కంపెనీలు కలిసి ఒకే పని ఎత్తుకోవడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి, ఎవరి లెక్క వారు విడిగా చూపిస్తే చాలు. ఒకరు గదులు, ఒకరు బస్సు ఛార్జీలు, ఒకరు రోగుల్ని వెతికి పలకరించే మనిషి జీతం అని పంచుకోవచ్చు. ముందు దాతలంతా ఒకచోట కూర్చుని, ఆస్పత్రి నర్సుల్ని, రోగుల వెంట వచ్చినవాళ్లను అడగాలి. మొదలుపెట్టాక ఏళ్ల తరబడి నిలబడాలి కూడా. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్‌లో చివరి దశ రోగులకు ఉచితంగా సేవ చేస్తోంది. ఏటేటా ఖర్చుండే ఇలాంటి పని ఒక్కసారి ఇచ్చి మరిచిపోయే డబ్బుతో సాగదు.

అత్త ఇప్పుడు మళ్లీ బీడీలు చుడుతోంది. మొన్న వీడీసీ నోటుబుక్కులో పేజీ తిప్పారు, పక్కవాడకట్టు పిల్ల పేరు రాశారు. కమిటీవాళ్లు ఇంకా ఎవరినీ అడగనేలేదు. అత్త కొంగుముడి విప్పి రెండు వందలు తీసి, "ముందుగాల నాది రాయుండ్రి" అంది.