బిర్యానీ ప్లేటు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

శనివారం రాత్రి పదకొండున్నరకి ఏ బిర్యానీ హోటల్ ముందు చూసినా డెలివరీ బైకులే. వెనక గల్లీలోకి మాత్రం ఎవరూ తొంగిచూడరు. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు పెద్ద పెద్ద గిన్నెలు కడుగుతుంటారు. అడుగంటిన అన్నం, మసాలా ముద్ద, చల్లారి గడ్డకట్టిన నెయ్యీ నూనే. వేడినీళ్లు కుమ్మరిస్తే అంతా కరిగి జాలీలోంచి కిందికి జారిపోతుంది. పీడా పోయింది అనుకుంటాం.

పోదు. పైపులో కొంత దూరం వెళ్లేసరికి నీళ్లు చల్లారతాయి. కొవ్వు మళ్లీ గడ్డకట్టి పైపు గోడకి అతుక్కుంటుంది. మర్నాడు దాని మీద ఇంకో పొర. దానికి అన్నం మెతుకులు, టిష్యూ పేపర్లు, ప్లాస్టిక్ కవర్లు తోడు. కొన్నాళ్లకి ఎనిమిది అంగుళాల పైపులో నీళ్లు పోవడానికి మూడు అంగుళాల దారి మిగులుతుంది. ఆ తర్వాత ఒక వానకి మ్యాన్‌హోల్ పొంగుతుంది. అదీ హోటల్ ముందు కాదు, పల్లంలో ఉన్న బస్తీలో, ఎవరో ముసలామె గుమ్మం ముందు.

ఇది జరగకుండా ఆపేది ఒక మామూలు సిమెంట్ తొట్టి. దాని పేరు సిల్ట్ చాంబర్. హోటల్ పైపుకీ రోడ్డు కింద ఉన్న మెయిన్ డ్రైనేజీకీ మధ్యలో కడతారు. మురుగునీళ్లు అందులో కాసేపు నిలబడతాయి. బరువైనవి అడుగుకి దిగుతాయి, జిడ్డు పైన తేలుతుంది, మధ్యలో ఉన్న నీళ్లు మాత్రమే బయటికి వెళ్తాయి. కరెంట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. టైముకి మూత తీసి శుభ్రం చేయించాలి, అంతే. హైదరాబాద్‌లో హోటళ్లు, మాల్స్, పెద్ద అపార్ట్‌మెంట్లు దీన్ని కట్టుకోవాలని జలమండలి చాలాకాలంగా చెబుతోంది. కట్టనివాళ్లకి నోటీసులు కూడా ఇస్తోంది.

మా గల్లీ చివర ఒక హోటల్‌కి ఇలాగే చెకింగ్‌కి వచ్చారు. నేను టీ తాగుతూ చూస్తున్నా. మేనేజర్ మర్యాదగా చాంబర్ చూపించాడు. మూత కొత్తది, చుట్టూ సిమెంట్ ఇంకా పచ్చిగానే ఉంది. లైన్‌మన్ ఒక కర్ర లోపలికి దింపి తీశాడు. కర్రకి చుక్క తడి లేదు. "సార్, ఇది ఊకె మూత పెట్టిన గుంత. పైపు దీంట్లకి కలపలే" అన్నాడు. మేనేజర్ "ఓనర్‌కి చెప్తానన్నా" అన్నాడు. ఓనర్ ఎవరో, ఎక్కడుంటాడో ఆ గల్లీలో ఎవరికీ తెలీదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని టెస్ట్ కేస్ పాస్ చేయడానికి హార్డ్‌కోడ్ చేయడం అంటారు.

నవ్వొచ్చే విషయమే. కానీ ఆ పైపు నిండిపోయాక ఏం జరుగుతుందో కూడా చూడాలి.

లోపలికి ఎవరు దిగుతారు?

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక నలుగురు చనిపోయారు. అయ్యప్ప సొసైటీ అంటే మనలో చాలామందికి తెలిసిన చోటే. హైటెక్ సిటీలో ఉద్యోగం రాగానే మొదట దిగే హాస్టళ్లు, అర్ధరాత్రి దోసె బండ్లు ఉండే ఏరియా. మురుగు కుళ్లినచోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు. అడుగునే పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే వాసన పట్టే శక్తే పోతుంది, అంటే హెచ్చరిక కూడా అందదు.

2013లో వచ్చిన చట్టం ప్రకారం సరైన రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంక్‌లోకో దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ప్రభుత్వానికే అనుకుంటారు చాలామంది. కాదు. అడ్డా మీది నుంచి ఒక మనిషిని పిలిచి "అన్నా, కాస్త దిగి తీసెయ్, వెయ్యి ఇస్తాం" అనే అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌కీ వర్తిస్తుంది, హోటల్ ఓనర్‌కీ వర్తిస్తుంది. సీవర్ మరణాలకి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకి పెంచింది. పరిహారం అంకె పెరిగిందంటే ఆ చావులు ఇంకా ఆగలేదనే అర్థం.

జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి వెళ్లగలిగే మినీ జెట్టింగ్ మిషన్లు 70 తెచ్చింది. మంచి పనే. కానీ మిషన్ కూడా అడ్డు పడ్డాక తీసేదే. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయాక రీస్టార్ట్ చేయడం లాంటిది. బగ్ ఇంకా హోటల్ వెనక గల్లీలోనే ఉంది. అందుకే నాకు ఆ కర్ర దింపి చూసిన లైన్‌మన్ పని, మిషన్ కంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

మీ హాస్టల్ లెక్క మీరే వేయండి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఒక ఇండిపెండెంట్ ఇల్లు. ఒక కుటుంబం కోసం నల్లా కనెక్షన్, నాలుగు అంగుళాల డ్రైనేజీ పైపు వేయించుకున్నారు. తర్వాత పైన నాలుగు అంతస్తులు లేపి పీజీ హాస్టల్ చేశారు. వందమంది ఉంటారు.

పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని ఇంజినీర్లు లెక్కేస్తారు. వందమందికి 13,500 లీటర్లు. అంటే జలమండలి పెద్ద ట్యాంకర్ ఒకటి, ఆపైన ఇంకో మూడో వంతు. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంకో లెక్క. అంటే రోజుకి 10,800 లీటర్లు, అదీ పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఎక్కువగా, ఒక కుటుంబం కోసం వేసిన ఆ పాత పైపులోంచి. పొద్దున్నే బాత్రూంలో నీళ్లు కాళ్ల దగ్గర నిలబడితే వార్డెన్ "ఎవరో జుట్టు పడేశార్రా" అని తిడతాడు. జుట్టు పాపం కొంతే.

చెకింగ్‌కి వచ్చినవాళ్లు చూసే వాటిలో ఇదొకటి. కనెక్షన్ ఇంటికని తీసుకుని వ్యాపారానికి వాడుతున్నారా? బిల్లు మీద క్యాన్ నంబర్ ఉంటుంది కదా, దాని మీద ఏ కేటగిరీ ఉంది, పైపు సైజు ఎంత, అక్కడ నిజంగా ఉన్నది ఏంటి అని పోల్చి చూస్తారు. మీటర్ పనిచేస్తోందా అన్నది ఇంకోటి. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీళ్ల స్కీమ్‌లో ఒక ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ. బస్తీలకి మినహాయింపు ఇచ్చారు కానీ మిగతావాళ్లకి పనిచేసే మీటర్ ఉండాలి. పైన చెప్పిన 135 లీటర్ల లెక్కలో నలుగురున్న ఇంటికి నెలకి 16,200 లీటర్లు అవుతాయి, కాబట్టి మామూలు కుటుంబానికి అది సరిపోవాలి. ఇంటి పేరు మీద తీసుకుని హాస్టల్ నడిపితే మాత్రం ఆ ఫ్రీ ఇంకెవరి వాటాలోంచో వచ్చినట్టే.

ఇంకా ఒకటి చూస్తారు, దీన్ని ఎవరూ తప్పు అనుకోరు: డాబా మీది వాన నీళ్ల పైపుని డ్రైనేజీలో కలిపేయడం. మురుగు పైపు మురుగుకి సరిపడా సైజులోనే వేస్తారు. వీధిలో ఇరవై డాబాల వాన ఒక్కసారి అందులో పడితే మ్యాన్‌హోల్ మూతలు లేస్తాయి. రోడ్డు మీద నీళ్లు నిలిచాయని ఎవరో మంచి మనసుతో మ్యాన్‌హోల్ మూత తీసేస్తారు చూడండి, జలమండలి చట్టం కింద అది కూడా నేరమే. నీళ్లలో ఆ గుంత ఎవరికీ కనబడదు.

వంద కిలోమీటర్లు వచ్చి చివరి పది అడుగుల్లో

మురుగు కథ ఇంతసేపు చెప్పడానికి కారణం, అదే వీధి కింద మంచినీళ్ల పైపు కూడా ఉంటుంది. చాలా పాత వీధుల్లో రెండూ పక్కపక్కనే, కొన్నిచోట్ల ఒకదాని మీది నుంచి ఇంకోటి.

హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లు దాటి వస్తాయి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, అది ఇంకా దూరం. దారంతా పంపులు, ఫిల్టర్లు, క్లోరిన్, టెస్టులు. అంత జాగ్రత్తగా వచ్చిన నీళ్లు చెడేది చాలాసార్లు చివర్లో, మెయిన్ లైన్ నుంచి మన సంపులోకి వచ్చే ఆ చిన్న పైపులో. ఎప్పుడో వేసిన జీఐ పైపు, తుప్పు పట్టి సూదిమొన అంత రంధ్రాలు పడి ఉంటుంది. నీళ్లు ప్రెషర్‌తో వస్తున్నంతసేపు లోపలివి బయటికి కారతాయి, ప్రమాదం లేదు. సప్లయ్ ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. పక్కన పొంగిన డ్రైనేజీ ఉంటే బయటివి లోపలికి వస్తాయి.

ఇప్పుడు దానికి మోటార్ తోడైతే? నల్లాకి నేరుగా మోటార్ బిగిస్తే అది పైపులోంచి నీళ్లని పీలుస్తుంది. స్ట్రాతో జ్యూస్ తాగినట్టు. స్ట్రాకి రంధ్రం ఉంటే ఏమవుతుంది? గాలి కూడా వస్తుంది. ఇక్కడ గాలి బదులు ఏం వస్తుందో చెప్పక్కర్లేదు. పైగా ఒక్క ఇంటి మోటార్ వల్ల చెడేది ఆ ఒక్క ఇంటి నీళ్లే కాదు. 2025 ఏప్రిల్‌లో జలమండలి మోటార్ల మీద స్పెషల్ డ్రైవ్ పెట్టి, దొరికితే మోటార్ జప్తు, 5 వేలు జరిమానా అంది. "నీళ్లు రాకపోతే మోటార్ పెట్టుకోమా?" అని జనం గొడవ. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు, ప్రెషర్ ఇవ్వాల్సింది ప్రభుత్వమే. కానీ వీధిలో పది మోటార్లు ఉంటే పదకొండో ఇంటికి ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది ఊహ కాదు. 2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గర భోలక్‌పూర్‌లో తాగునీళ్లు కలుషితమై కలరా వచ్చింది, ప్రాణాలు పోయాయి. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీళ్ల వల్లే అతిసారం ప్రబలి జనం చనిపోయారు. రెండు చోట్లా సామాన్యులే.

నీళ్లు చెడ్డాయన్న కంప్లయింట్ వస్తే వాళ్లు ఎలా వెతుకుతారో ఒకసారి దగ్గరుండి చూశాను, ముచ్చటేసింది. వరసగా కొన్ని ఇళ్లలో నల్లా నీళ్లు పట్టి, చిన్న గాజు గొట్టంలో రసాయనం చుక్కలు వేస్తారు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. ఒకటో ఇంట్లో పసుపు, మూడో ఇంట్లో పసుపు, ఏడో ఇంట్లో రంగే లేదు. అంటే మధ్యలో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్‌ని తినేసింది. అయిదో ఇల్లు చూడు. అక్కడ ఉంది. ఆరో ఇంటి ముందు తవ్వు. మేము కోడ్‌లో బగ్ పట్టడానికి సగానికి సగం చేసుకుంటూ వెళ్తామే, అచ్చం అదే. ఆయన ఇంజినీరింగ్ చదవలేదు, లైన్‌మన్‌గా ఇరవై ఏళ్ల సర్వీసు.

"మా ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా" అనేవాళ్లకి ఒక మాట. పళ్లు తోముకునేది, కొత్తిమీర కడిగేది ఆర్‌ఓ నీళ్లతో కాదు.

వస్తే ఏం చేయాలి?

ఈ చెకింగ్‌ల మీద నాకూ కంప్లయింట్లున్నాయి. వేసవిలో మోటార్ల కోసం, వానాకాలం ముందు డ్రైనేజీ కోసం హడావిడిగా వస్తారు, మిగతా ఏడాది పెద్దగా కనబడరు. ఏ వీధిలో ఏం దొరికింది, తర్వాత సరిచేశారా అన్నది జనం చూసేలా పెట్టాలి. హోటళ్ల ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్‌ని సిల్ట్ చాంబర్ చెకింగ్‌కి గట్టిగా ముడిపెడితే, పచ్చి సిమెంట్ మూతలు సగం తగ్గుతాయని నా నమ్మకం.

వచ్చినవాళ్లని ఐడీ కార్డ్ అడగండి, తప్పేం లేదు. తప్పు ఉందంటే నోటీసు రాసి ఇమ్మనండి. చేతికి డబ్బులు ఇవ్వకండి, జరిమానా అయినా బిల్లు అయినా క్యాన్ నంబర్ మీద కట్టి రసీదు తీసుకోండి. చాంబర్, సంపు, మీటర్ ఎక్కడున్నాయో ముందే ఒకసారి చూసి పెట్టుకోండి. సంపు మూత నేలకి సమానంగా ఉంటే రెండు ఇటుకల ఎత్తు లేపమని ఓనర్ అంకుల్‌కి చెప్పండి, వానకి రోడ్డు నీళ్లు దిగవు.

అద్దెకుండేవాళ్లు కూడా కంప్లయింట్ ఇవ్వొచ్చు, జలమండలి నంబర్ 155313. "నీళ్లు బాలేవు" అంటే సరిపోదు. బగ్ రిపోర్ట్ రాసినట్టు చెప్పండి: క్యాన్ నంబర్, నీళ్లు వదిలే టైము, వాసన మొదటి పది నిమిషాలే ఉందా చివరిదాకా ఉందా, పక్కింట్లో కూడా ఇలాగే ఉందా, దగ్గర్లో ఏ మ్యాన్‌హోల్ పొంగుతోంది. సంపులోంచి కాకుండా నల్లా దగ్గరే శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి ఉంచండి. మొదటి పది నిమిషాలే వాసన వస్తుంటే లీకు మీ గేటుకి దగ్గర్లోనే ఉండొచ్చు, కాబట్టి ఆ సంగతి ముందు చెప్పండి. తవ్వడానికి వచ్చేవాళ్లకి అర పూట పని తగ్గుతుంది.