తూర్పున సూర్యుడు, పడమట వెలుగు

అలబామా హిల్స్‌లో సూర్యోదయం చూడాలంటే తూర్పుకు వీపు పెట్టి కూర్చోవాలి. కాలిఫోర్నియా తూర్పు అంచున, లోన్ పైన్ అనే చిన్న ఊరిని ఆనుకుని ఉన్న రాతి గుట్టలివి. తూర్పున ఇన్యో కొండలు, పడమట సియెరా నెవాడా పర్వతాలు, నడుమ ఓవెన్స్ లోయ. గుడారం వేసుకునే నేల సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా కనిపించే మౌంట్ విట్నీ ఎత్తు 4,421 మీటర్లు. అలాస్కాను పక్కన పెడితే అమెరికా మొత్తంలో అంతకు మించిన శిఖరం లేదు. సియెరాకు ఈ వైపున మెల్లమెల్లగా ఎత్తు పెరిగే చరియలు లేవు. ఎడారి నేల మీంచి మూడు కిలోమీటర్ల ఎత్తున రాయి నిట్టనిలువుగా లేస్తుంది.

వెలుగు రావడానికి గంట ముందే లేవాలి. ఏప్రిల్‌లో, అక్టోబరులో కూడా ఆ వేళకు చలి ఎముకల్లోకి దిగుతుంది. ముందుగా శిఖరాల పైన ముదురు నీలి పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడ. మన కాళ్ల కింది నేల తన నీడను ఆకాశం మీద వేసుకోవడం అంత స్పష్టంగా చూడగలిగే చోట్లు తక్కువ. ఆ నీడ మెల్లగా పర్వతాల వెనక్కి కుంగిపోతుంది. అప్పుడు విట్నీ కొన ఎర్రబడుతుంది.

ఊళ్లోంచి చూసినవాళ్లు లోన్ పైన్ పీక్‌నే విట్నీ అనుకుంటారు. అది దగ్గరగా ఉండటంతో పెద్దదిగా కనిపిస్తుంది కానీ ఎత్తు 3,945 మీటర్లే. ఏది పెద్దదో తెల్లవారుజామున తేలిపోతుంది. దూరంగా, చిన్నగా, సూదుల వరుసలా కనిపించే విట్నీ మీదే తొలి కిరణం పడుతుంది. వాలుగా వచ్చే వెలుతురు చాలా మందమైన గాలి పొరను దాటి రావాలి కనుక నీలం దారిలోనే చెదిరిపోయి, ఎరుపు మిగులుతుంది. ఆ ఎరుపు నారింజగా, నారింజ పసుపుగా మారుతూ గీత గీసినట్టు కిందికి దిగుతుంది. సూర్యుడు ఇన్యో కొండలను దాటి రావాలి కాబట్టి, ఇంత జరుగుతున్నా మనం కూర్చున్న చోటు నీడలోనే ఉంటుంది. మన వీపు మీద ఎండ పడేసరికి శిఖరాలు మళ్లీ బూడిద రంగు గ్రానైట్ అయిపోతాయి.

గుట్టల్లోని గుండ్రటి బండలదీ, ఎదురుగా ఉన్న పదునైన శిఖరాలదీ ఒకే జాతి రాయి. రెండూ 8 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైటే. పైనున్న దాన్ని మంచు, హిమానీనదాలు చెక్కి కోసుగా చేశాయి. కిందిది మట్టిలో కప్పబడి ఉన్నప్పుడు పగుళ్లలోకి నీరు ఇంకి, మూలలు కుళ్లిపోయి గుండ్రబడింది. తర్వాత మట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. హైదరాబాద్ గుట్టలు తయారైన తీరూ ఇదే, కాకపోతే మన రాయి వయసు 250 కోట్ల ఏళ్లు. అమెరికా ప్రభుత్వం 2019లో చట్టం చేసి అలబామా హిల్స్‌లో 18,610 ఎకరాలను నేషనల్ సీనిక్ ఏరియాగా కాపాడుకుంది. అంతకన్నా ఎన్నో రెట్లు పాతవైన బండలను మనం బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా పేల్చి, పునాదులు తీసుకున్నాం. మిగిలిన వాటికైనా అలాంటి రక్షణ కావాలి.

అలబామా హిల్స్‌లో 1920 నుంచి వందల సినిమాలు తీశారు. వాటిలో ఎక్కువ కౌబాయ్ కథలే. 1939లో వచ్చిన ‘గంగా దిన్’లో మాత్రం ఇదే నేల బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుగా నటించింది. ఇక్కడే ఒక గుడి సెట్ కూడా వేశారు.

గుట్టల్లో రాత్రి ఉండాలంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ఇచ్చే ఉచిత పర్మిట్ తీసుకుని, గుర్తించిన చోట్లలోనే గుడారం వేయాలి. నీళ్ల కుళాయి ఉండదు, చెత్త తీసుకెళ్లే బండి రాదు. తాగడానికీ కడుక్కోవడానికీ సరిపడా నీళ్లు మోసుకెళ్లి, చెత్తను తిరిగి తెచ్చుకోవాలి. సియెరా మీంచి దిగే గాలి రాత్రిపూట హఠాత్తుగా విరుచుకుపడుతుంది. గుడారం మేకులు గట్టిగా దిగగొట్టకపోతే నిద్ర ఉండదు. చిన్న పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే దగ్గరలోని టటుల్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ నయం, అక్కడ మరుగుదొడ్లున్నాయి. వేసవి వద్దు. పగలు నిలవలేం.

ఈ నేల ఎడారి కావడానికి కారణం ఎదురుగా ఉన్న పర్వతాలే. పసిఫిక్ మేఘాల తేమంతా అవతలి వైపే వానగా, మంచుగా కురిసిపోతుంది. లోన్ పైన్‌కు దక్కేది ఏడాదికి సుమారు 130 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వాననీడలో ఉన్న అనంతపురానికి కూడా దానికి నాలుగు రెట్లు పడుతుంది. అయినా ఈ లోయకు ఒకప్పుడు నీటి కరువు లేదు. కరిగిన మంచు వాగులై ఓవెన్స్ నదిలో చేరి, ఊరికి దక్షిణాన పెద్ద సరస్సును నింపేది. పైయూట్ ఆదివాసులు ఆ వాగుల నుంచి కాలువలు తవ్వి, దుంపలనిచ్చే మొక్కలకు నీళ్లు పెట్టేవారు. 1863లో సైన్యం వాళ్లను బలవంతంగా ఫోర్ట్ తెహోన్ అనే సైనిక స్థావరానికి నడిపించింది. వాళ్ల నేలలో వలస రైతులు పంటలు వేశారు. తర్వాత లాస్ ఏంజెలెస్ నగరం భూములనూ, వాటితో పాటు నీటి హక్కులనూ కొనేసింది. నగరం దాకా పంపులు లేకుండా వాలు మీదే 375 కిలోమీటర్లు పారే కాలువ 1913లో మొదలైంది. 1926 నాటికి సరస్సు ఎండిపోయింది. ఆ అడుగు నుంచి లేచే ఉప్పు ధూళి లోయ జనం ఊపిరితిత్తుల్లోకి దశాబ్దాల పాటు చేరింది. ధూళిని అణచడానికి 2001 నుంచి నగరమే సరస్సు అడుగున కొంత నీటిని పరుస్తోంది. 2006లో నది కింది భాగానికీ మళ్లీ నీళ్లు వదిలారు.

లోన్ పైన్‌కు ఉత్తరాన పదిహేను కిలోమీటర్ల దూరంలో మాంజనార్ ఉంది. నీళ్లు పోక ముందు అక్కడ ఆపిల్ తోటలుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, అక్కడ ముళ్లకంచె వెనక జపాన్ మూలాలున్న వారిని నిర్బంధించారు. ఒక దశలో పదివేల మంది ఉన్నారు. ఎక్కువమంది అమెరికా పౌరులే, ఏ నేరమూ చేయనివాళ్లే. మనం గుడారం ముందు కూర్చుని మైమరచి చూసే పర్వతాలే వాళ్లకు రోజూ కంచె అవతల కనిపించేవి.

ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఆ శిబిరాన్ని చిత్రించడానికి వచ్చిన రోజుల్లోనే, 1944లో, లోన్ పైన్ బయట చలిలో కాచుకుని ‘వింటర్ సన్‌రైజ్’ తీశాడు. వెలుగుతున్న శిఖరాలు, వాటి ముందు నల్లటి గుట్టలు, కింద ఎండ మరకలో మేస్తున్న గుర్రం. గుట్ట మీద బడిపిల్లలు తెల్లగా దిద్దిన ఊరి పేరులోని రెండు అక్షరాలను ప్రింట్‌లో కనబడకుండా చెరిపేశాడు. మనిషి జాడ లేని ఆ సూర్యోదయమే ప్రపంచమంతా తిరిగింది. మాంజనార్ జనాన్ని చూపుతూ అదే ఏడాది అతను వేసిన పుస్తకం అంత దూరం వెళ్లలేదు. నా మటుకు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది.

లాస్ ఏంజెలెస్ నుంచి 395 హైవే మీద మూడున్నర గంటల ప్రయాణం కావడంతో, అక్కడి తెలుగు కుటుంబాలకూ వారాంతానికి అందే దూరమే. చాలామంది తెల్లారగానే ఫొటోలు తీసుకుని డెత్ వ్యాలీకి బయల్దేరతారు. ఒక పూట ఆగండి. మాంజనార్ ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం, ప్రవేశ రుసుము లేదు. అక్కడి శ్మశానంలో తెల్లటి స్మారక స్తంభం వెనకే సియెరా కనిపిస్తుంది. దక్షిణంగా వెళ్తే ఓవెన్స్ సరస్సు అడుగు, కొంత ఉప్పు, కొంత నీరు. వసంతంలో వలస పక్షులు అక్కడ వేల సంఖ్యలో దిగుతున్నాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి.