దొంగతనం చేసినవాడు మనకెందుకు నచ్చుతాడు?

సంక్రాంతి సెలవులయ్యాక మా గదిలో ఒకరి ట్రంకు పెట్టెలోంచి ఆరు అరిసెలు పోయాయి. తీసినవాడు సాయంత్రానికల్లా దొరికాడు. రెండు తిన్నాడు, నాలుగు కాగితంలో చుట్టి దాచాడు. వాళ్ల అమ్మానాన్నలు మిరపకాయ కోతలకు వేరే ఊరు వెళ్లడం వల్ల పండక్కి వాళ్లింట్లో పొయ్యే వెలగలేదట. అయినా అందరం వాణ్ణి తిట్టాం. ఆ రాత్రే టీవీలో "పుష్ప" సినిమా వస్తే అందరం ఈలలు వేశాం. కథలోని దొంగ నచ్చుతాడు గానీ గదిలోని దొంగ ఎందుకు నచ్చడు అని మాలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న మీద జరిగిన చర్చే ఈ వ్యాసం.

మిత్రులారా! బ్రతకడం కోసం తప్పు చేసే కథానాయకుడు నిన్న మొన్న సినిమాల్లో పుట్టినవాడు కాడు. మహాభారతం శాంతిపర్వంలోనే ఉన్నాడు. త్రేతాయుగం ముగిసి ద్వాపరం మొదలయ్యే వేళ పన్నెండేళ్లు వానలు లేవు. విశ్వామిత్రుడంతటివాడు ఆకలితో తిరిగి తిరిగి ఊరి బయటి వాడకు చేరాడు. ఒక గుడిసెలో కుక్క మాంసం చూసి, అందరూ నిద్రపోయాక దొంగిలించబోయాడు. గ్రంథం చండాలుడని పిలిచే ఆ ఇంటి మనిషి మేలుకొని, వచ్చిందెవరో తెలుసుకొని, ఇది మీరు తినదగింది కాదు, ధర్మం తప్పవద్దని ఎంతో సేపు చెప్పాడు. బ్రతికి ఉంటేనే గదా ధర్మం చేసేది అని ఋషి వాదించాడు. దొంగతనానికి వచ్చింది మహర్షి, ధర్మం చెప్పింది వాడలోని మనిషి. మాకు ఇందులో బాగా నచ్చింది ఈ తారుమారే.

ఇక ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన నవలలోని జాన్ వల్జాన్ సంగతి. అక్క పిల్లలు ఏడుగురు ఆకలితో ఉంటే రొట్టె దొంగిలించాడు. అందుకు అయిదేళ్లు, పారిపోబోయినందుకు మరి కొన్నేళ్లు, మొత్తం పందొమ్మిదేళ్లు జైల్లో ఉన్నాడు. ఈ కథే 1950లో "బీదలపాట్లు" పేరుతో తెలుగు సినిమాగా వచ్చింది. మన రేపల్లెలో పుట్టిన చిత్తూరు నాగయ్య ఆ పాత్ర ధరించారు. పోతనగా, వేమనగా జనం చేత దండాలు పెట్టించుకున్న మనిషి దొంగగా కనిపించడం ఆ రోజుల్లో చూసినవారికి ఎలా అనిపించిందో!

రొట్టె కోసం దొంగతనం చేస్తే ఎవరైనా క్షమిస్తారు. హ్యూగో అంతటితో ఆగలేదు. జైలు నుంచి వచ్చిన వల్జాన్‌కు ఒక బిషప్పు అన్నం పెట్టి పడక ఇస్తే, అతడు ఆ ఇంటి వెండి సామానే ఎత్తుకుపోయాడు. పోలీసులు పట్టి తెస్తే, అవి నేనిచ్చినవేనని బిషప్పు కాపాడాడు. ఆ తరువాత కూడా దారిలో ఒక చిన్న పిల్లవాడి నాణెం దొర్లి వస్తే దాని మీద కాలు వేసి తొక్కిపెట్టాడు. అప్పుడతనికి ఆకలి కారణం కాదు. పిల్లవాడు ఏడుస్తూ వెళ్లిపోయాక గానీ అతనికి తెలివి రాలేదు. ఇక్కడ మనకు అతని మీద కోపం వస్తుంది, అయినా పుస్తకం మూయలేం.

ఎందుకు మూయలేం? ధర్మాత్ముడైన నాయకుడు ఏం చేస్తాడో మనకు ముందే తెలుసు. ఇలాంటి నాయకుడు ఏం చేస్తాడో తెలియదు, బహుశా అతనికే తెలియదు. పైగా కథ అతని కడుపులోని మంటను మనకు ముందు చూపించి, తప్పును తరువాత చూపిస్తుంది. బయట మనకు తప్పు ముందు కనిపిస్తుంది. కారణం ఎవరైనా అడిగితేనే తెలుస్తుంది. అరిసెల విషయంలో జరిగింది అదేనని మా అభిప్రాయం.

డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) రాసిన "అతడు అడవిని జయించాడు" కూడా తప్పక చదవండి. పందులు మేపే ఒక ముసలివాడు తప్పిపోయిన పంది కోసం ఒంటరిగా అడవిలోకి వెళతాడు. ఒక రాత్రి కథ. అందులో ముసలివాడూ, పందీ, నక్కలూ అందరూ బ్రతకడానికే పోరాడతారు, ఎవరిది తప్పు అనలేం. చివర ఏమవుతుందో మేము చెప్పం.

అయితే ఇష్టపడడానికి ఒక హద్దు ఉండాలి గదా. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి అనే పండితుడు కరువులో ఒక మావటివాడి ఎంగిలి గుగ్గిళ్లు అడిగి తిన్నాడు. ఎంగిలి నీళ్లు మాత్రం వద్దన్నాడు. గుగ్గిళ్లు తినకపోతే చచ్చిపోయేవాణ్ణి, నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు. ఈ కొలతతో చూస్తే 2021లో వచ్చిన పుష్ప ఎర్రచందనం కూలీగా ఉన్నంతవరకే గుగ్గిళ్లు తిన్నాడు, ఆ తరువాతంతా నీళ్లే. ఈ మాట అన్నందుకు మాలో అల్లు అర్జున్ అభిమానులు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చిందని గుర్తు చేశారు. అవార్డు నటనకు గదా!

అరిసెలు తిన్నవాణ్ణి తరువాత మేమే పిలిచి అడిగాం. దాచిన నాలుగూ బాలికల వసతి గృహంలో ఉన్న చెల్లెలికట. అవి ఆకలి కింద వస్తాయా, ఆశ కింద వస్తాయా అని ఓటింగ్ పెడితే సగం సగం వచ్చింది. అరిసెలు పోగొట్టుకున్నవాడు ఎటూ ఓటు వేయలేదు. ఆదివారం నాడు ఆ నాలుగూ తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.