ఆఫీసు కంప్యూటర్లోకి చుట్టం



మన కంప్యూటర్ గదిలో బాగా నడిచే మిషన్ ఒక్కటే. అది ఆఫీసుది. స్కాలర్‌షిప్ లిస్టులు, మెస్ బిల్లులు, మార్కులు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. "సార్, లినక్స్ నేర్చుకుంటాం, దీంట్లో వేస్తాం" అని మనోళ్ళు అడిగినప్పుడల్లా సార్ వద్దంటారు. సార్ భయం ఉత్త భయం కాదు. ఇంకో చోట (పేరెందుకు లెండి) ఒకాయన పెన్‌డ్రైవ్ పెట్టి ఆఫీసు మిషన్లోనే లినక్స్ ఎక్కించబోతే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకు పోయిందట. మూడేళ్ళ మార్కులు మళ్ళీ కాయితాలు ముందు పెట్టుకుని కొట్టారట.

అయితే లినక్స్ చూడాలంటే విండోస్ తీసెయ్యాల్సిన పనే లేదు. ఉన్న విండోస్ మీదనే, ఒక మామూలు ప్రోగ్రాం లాగా, ఇంకో పూర్తి కంప్యూటర్ని నడపొచ్చు. దాన్నే వర్చువల్ మిషన్ అంటారు. అసలు మిషన్‌మీద ఉన్న విండోస్‌ని హోస్ట్ అంటారు, లోపల నడిచేదాన్ని గెస్ట్ అంటారు. మన మాటల్లో ఇంటాయన, చుట్టం. ఈ వ్యాసంలో అట్లనే అంటాను, గుర్తుండడం సులువు.

ఇప్పుడే ఇది ఎందుకంటారా? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. చాలా పాత మిషన్లకు విండోస్ 11 ఎక్కదు. అట్లాంటి మిషన్లను మూలకు పడెయ్యకుండా నడపాలంటే లినక్సే దిక్కు. కానీ తెలియనిదాన్ని ఒక్కసారే ఆఫీసు మిషన్లో ఎక్కించమంటే ఏ వార్డెన్ ఒప్పుకుంటారు? ముందు చుట్టం లాగా తెచ్చి నాలుగు నెలలు చూస్తే తెలుస్తది, మన ప్రింటర్ పనిచేస్తదా, తెలుగు సరిగ్గా పడుతదా అని.

తెలుగు సంగతికొస్తే, మన హైదరాబాద్‌లోనే 2005లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ని తెచ్చింది. బాల స్వేచ్ఛ అని బడిపిల్లలకు వేరే తయారు చేసింది. తర్వాత 2007లో చెన్నై సీడాక్ వాళ్ళు బాస్ అనే లినక్స్ తెచ్చారు, దాంట్లోనూ మన దేశ భాషలున్నాయి. ఈ బాస్‌కి పునాది డెబియన్. డెబియన్ ఎక్కించేటప్పుడు మొదటి తెరమీదే భాష ఏదని అడుగుతుంది, ఆ వరసలో "తెలుగు" ఉంటుంది. అది నొక్కితే ప్రశ్నలు చాలామటుకు తెలుగులోనే వస్తాయి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు మిత్రులకు ఇంకో మాట. నార్నూర్ దగ్గర గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంట్ ఉచితం. ఆఫీసు విండోస్‌లో ఏది ఎక్కించాలన్నా సార్ పాస్‌వర్డ్ కావాలి. చుట్టం లోపలైతే మనమే యజమానులం, ఫాంట్ ఎక్కించి డబ్బాల బదులు అక్షరాలు చూసుకోవచ్చు.

సరే, ఒక మిషన్ లోపల ఇంకో మిషన్ ఎట్లా నడుస్తది? మన హాస్టల్‌నే చూడండి. పొద్దున లేవడం, స్నానం, చదువు, ఆట, వీటికి ఎవర్నీ అడగం. గేటు దాటాలంటే మాత్రం వాచ్‌మన్ ఆపుతాడు, ఔట్‌పాస్ మీద వార్డెన్ సార్ సంతకం కావాలి. చుట్టం సంగతి కూడా అంతే. కూడికలు, తీసివేతలు, పోలికలు లాంటి మామూలు పనులు నేరుగా ప్రాసెసర్ మీదనే నడుస్తాయి, అందుకే పెద్దగా నెమ్మది కాదు. డిస్క్ మీద రాయడం, మెమరీ పంపకం మార్చడం లాంటి పెద్ద పని వచ్చినప్పుడు ప్రాసెసర్ దాన్ని ఆపి, వర్చువల్ మిషన్ ప్రోగ్రాంని పిలుస్తుంది. ఆ ప్రోగ్రాం అసలు డిస్క్‌ని ముట్టనియ్యదు, డిస్క్ లాగా నటించే ఒక ఫైల్లో రాసి "అయిపోయింది, పో" అంటుంది. తాను నిజమైన డిస్క్ మీదనే రాశాననుకుంటుంది చుట్టం.

వినడానికి తేలిగ్గా ఉంది గానీ, ఇంటెల్ రకం ప్రాసెసర్ల మీద ఇది చాలాకాలం కుదరలేదు. కారణం గోడ దూకేవాళ్ళు! పెంటియం ప్రాసెసర్లో ఓ 17 ఆదేశాలు ఉండేవి. అవి గేటు దగ్గర ఆగేవి కావు. వాచ్‌మన్‌కి తెలియకుండానే దాటిపోయి తప్పు జవాబు తెచ్చేవి. పట్టుకుందామంటే అలికిడే ఉండదు. ఐబీఎం వాళ్ళు తమ పెద్ద కంప్యూటర్లకు 1972లోనే వీఎం/370 అని ఇలాంటి ఏర్పాటు అమ్మకానికి ప్రకటించారు, ఎందుకంటే వాళ్ళ మిషన్‌ని ఆ పనికి తగ్గట్టు చేసుకున్నారు. బల్లమీది కంప్యూటర్‌కి మాత్రం 1999లో వీఎంవేర్ కంపెనీ దారి చూపింది. చుట్టం నడిపే ఆదేశాలను ముందే చదివి, గోడ దూకే రకాన్ని ఏరి, దాని బదులు వేరే ఆదేశాలు పెట్టడం వాళ్ళ ఉపాయం. తర్వాత 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఆ పట్టుకునే పనిని ప్రాసెసర్లోనే పెట్టేశాయి. అంటే గోడ ఎత్తు పెంచారన్నమాట.

మనం వాడబోయే ప్రోగ్రాం వర్చువల్‌బాక్స్. ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ చేసింది, 2008లో సన్ కొన్నది, సన్‌ని 2010లో ఒరాకిల్ కొన్నది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ కూడా 2024 నుంచి ఉచితమే. నాకు వర్చువల్‌బాక్స్ నచ్చుతది, ఖాతా తెరవమని అడగకుండా దిగుతది కాబట్టి.

ముందు మిషన్ దగ్గర చూడాల్సింది ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కి కింద "వర్చువలైజేషన్" ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉందా చూడండి. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చెయ్యాలి. ఇంటెల్‌కైతే వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీకి ఎస్‌వీఎం అని పేరు. ఇది మాత్రం సార్ పక్కన ఉండగానే చెయ్యండి. బయోస్‌లో ఆ ఒక్కటి మార్చి సేవ్ చేసి బయటికి రండి, ఇంకోటి ముట్టొద్దు. 2019 చివర్లో వచ్చిన 6.1 నుంచి వర్చువల్‌బాక్స్ ఈ సౌకర్యం లేకుండా అసలే నడవదు.

ఇక మెమరీ. ఇంటికి చుట్టం వస్తే మన కుండలో వండినదాంట్లోంచే పెట్టాలె గదా. ఆఫీసు మిషన్లో ఉన్నది 4 జీబీ. దాంట్లో విండోస్ తాను తినేదే సగం దాకా ఉంటది. చుట్టానికి 1536 ఎంబీ ఇద్దాం, అంటే ఒకటిన్నర జీబీ. ఎక్కువ ఇస్తే మర్యాద అనుకోవద్దు, ఇంటాయన పస్తుంటే ఇద్దరూ ఆగిపోతారు. అంత తక్కువలో నడవాలంటే డెబియన్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఎంచుకోవాలి. ఇద్దరు చుట్టాలు ఒకేసారి వద్దే వద్దు. ఇంకో 4 జీబీ ర్యామ్ వేయిస్తే సుఖం. మన సికింద్రాబాద్‌లోనే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు, అక్కడ కొత్తదీ పాతదీ దొరుకుతాయి. పోయేముందు పాత ర్యామ్ డీడీఆర్3నా డీడీఆర్4నా అని చూసి రాసుకుని పోవాలి. రెండిటి గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. ఖాళీ స్లాట్ ఉందా లేదా అన్నది టాస్క్ మేనేజర్లోనే మెమరీ దగ్గర తెలుస్తుంది.

డిస్క్‌కి 20 జీబీ అని పెడతాం. భయపడొద్దు, ఆ 20 జీబీ వెంటనే పోదు. మొదట చిన్న ఫైలే ఉంటుంది, చుట్టం రాసే కొద్దీ పెరుగుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. లోపల ఫైళ్ళు తీసేసినా బయటి ఫైలు దానంతటది తగ్గదు. అందుకే దాన్ని సీ డ్రైవ్‌లో కాకుండా డీ డ్రైవ్‌లో పెట్టాలి. మిషన్ తయారు చేసే చోట అనటెండెడ్ ఇన్‌స్టలేషన్ అని ఒకటి కనిపిస్తుంది, అది వద్దని పెట్టండి. అది ఉంటే ప్రశ్నలన్నిటికీ అదే జవాబు చెప్పేసుకుంటుంది, మనం నేర్చుకునేది ఏముంటుంది?

ఇప్పుడు అందరూ, ముఖ్యంగా వార్డెన్ సార్లు, నిదానంగా చదవాల్సిన చోటు. డెబియన్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో "మొత్తం డిస్క్ వాడుకోనా? ఉన్నదంతా చెరిగిపోతుంది" అని అడుగుతుంది. ఇక్కడే గుండె జల్లుమంటుంది. చుట్టం లోపల ఉన్నప్పుడు మొత్తం డిస్క్ అంటే మనం ఇచ్చిన ఆ ఫైలే. దాని అవతల ఇంకో డిస్క్ ఉన్నదని దానికి తెలియదు, తుడవమన్నా తుడవలేదు. కానీ అదే ప్రశ్న పెన్‌డ్రైవ్ నుంచి మిషన్ లేపినప్పుడు వస్తే దాని అర్థం ఆఫీసు డిస్క్ మొత్తం! ప్రశ్న అదే, తెర అదే. తేడా ఎట్లా పట్టాలంటే, డిస్క్ పేరు చదవండి. చుట్టం లోపలైతే పేరులో వీబాక్స్ హార్డ్‌డిస్క్ అని ఉంటుంది, సైజు 21.5 జీబీ అని ఉంటుంది. (మనం ఇచ్చింది 20 గదా అంటారేమో. వర్చువల్‌బాక్స్ 1024 లెక్కన కొలుస్తుంది, డెబియన్ 1000 లెక్కన. 20ని 1024తో మూడుసార్లు హెచ్చవేసి చూడండి, లెక్క కుదురుతుంది.) పేరులో వేరే కంపెనీ ఉన్నా, సైజు 500 జీబీ అని ఉన్నా చెయ్యి తీసెయ్యండి, సార్‌ని పిలవండి. తెర చుట్టూ కిటికీ లాగా అంచు, పైన వర్చువల్‌బాక్స్ పేరు ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి.

చుట్టం ఎంత లోపల ఉన్నా బయటి ఫైళ్ళు దొరికే దారి ఒకటుంది, షేర్డ్ ఫోల్డర్. విండోస్‌లో ఒక ఫోల్డర్‌ని చుట్టానికి చూపిస్తాం. చూపించిన ఫోల్డర్ ఉత్త నీడ కాదు, అసలుదే. లోపలినుంచి తీసేస్తే నిజంగానే పోతుంది. కాబట్టి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని ఎప్పుడూ చూపొద్దు. డీ డ్రైవ్‌లో "పిల్లలు" అని వేరే ఫోల్డర్ చేసి, రీడ్ ఓన్లీ అని టిక్ పెట్టి ఇస్తే చాలు. ఇంటర్నెట్ సంగతి వేరు. మామూలుగా నాట్ అనే పద్ధతిలో ఉంటుంది, అంటే చుట్టం ఇంటాయన చేత్తోనే ఉత్తరాలు పంపించుకుంటుంది, బయటివాళ్ళు నేరుగా దాని తలుపు తట్టలేరు. దాన్ని మార్చే పని మనకు లేదు.

పాడు చేసి నేర్చుకోవడానికి స్నాప్‌షాట్ అని ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి పాత డిస్క్ ఫైల్లో రాయడం ఆగిపోతుంది, మార్పులన్నీ ఒక కొత్త ఫైల్లో పడతాయి. మెస్ రిజిస్టర్ మూసి కొత్త పుస్తకం తెరిచినట్టు. వెనక్కి పొమ్మంటే కొత్త పుస్తకం చింపేస్తుంది, పాతది రాసినట్టే ఉంటుంది. దీంతో సిస్టమ్ ఫైళ్ళు తీసేస్తే ఏమైతదో కూడా ధైర్యంగా చూడొచ్చు. అయితే పాత పుస్తకం పోతే కొత్తదానికి అర్థమే ఉండదు గదా, అందుకే డీ డ్రైవ్‌లో ఆ ఫైళ్ళు పెద్దగా ఉన్నాయని చేత్తో తీసెయ్యొద్దు. హార్డ్‌డిస్కే పోతే స్నాప్‌షాట్లూ దాంతోపాటే పోతాయి. ఆఫీసు లిస్టులకు ఇది బ్యాకప్ కాదు. వాటికి వేరే డిస్క్ మీద నకలు ఉండాల్సిందే, అది సార్లు చూసుకోవాలె.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. మౌస్ చుట్టం కిటికీలో ఇరుక్కుంటే కుడిపక్క కంట్రోల్ నొక్కితే బయటికొస్తుంది. తెర చిన్నగా ఉంటే గెస్ట్ అడిషన్స్ ఎక్కించాలి. కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే నవ్వొద్దు, విండోస్‌లోని హైపర్‌-వీ అనేది ప్రాసెసర్ సౌకర్యాన్ని ముందే పట్టుకుని కూర్చుందని అర్థం, పని నిజంగానే తాబేలు నడక నడుస్తుంది. విండోస్‌నే చుట్టంగా తెద్దామనుకునేవాళ్ళకు, దానికి వేరే లైసెన్సు కావాలి.

మూసేటప్పుడు కిటికీ మీది ఎక్స్ నొక్కితే మూడు దారులు చూపుతుంది. "సేవ్" అంటే ఉన్నది ఉన్నట్టు నిద్రపుచ్చుతుంది. "షట్‌డౌన్" అంటే మర్యాదగా పడుకోమంటుంది. "పవర్ ఆఫ్" అంటే ప్లగ్ పీకినట్టు. మూడోది చుట్టం పూర్తిగా బిగుసుకుపోయినప్పుడే. స్టడీ అవర్ బెల్లు కొడితే "సేవ్" చాలు, మళ్ళీ వచ్చినప్పుడు అక్కడినుంచే మొదలవుతుంది.

వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలుపెడదాం. ఈ పత్రిక కింద ఒక తెల్ల కాయితం అంటించాం, నలుగురు నలుగురు చొప్పున పేర్లు రాయండి. ఒక్కో జట్టుకు ఒక్కో స్నాప్‌షాట్, దానికి జట్టు పేరే పెడదాం, ఎవరిది ఎవరూ చింపకుండా.